లేని బంతి ఎక్కడ పడింది?

నాగరికత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, లేని బంతి ఎక్కడ పడిందో తేల్చడానికి ఉపసంఘం వేయగల స్థితికి సమాజం ఎదగడమే నాగరికత అని నేను తడుముకోకుండా చెబుతాను. ఈ లెక్కన మా ఊరు చాలా ముందుంది. ఆ ముందుకు పోవడంలో నా కుడి భుజం కూడా తన వంతు సేవ చేసింది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాసిపెట్టడం నా బాధ్యత. (భుజం ఇప్పుడు కులాసాగానే ఉంది. అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది కాబట్టి నేనే చెబుతున్నాను.)

ముందుగా నా గురించి. నేను సెలవురోజు గోల్ఫరుని. అంటే మిగతా రోజులన్నీ ఆఫీసులో కూర్చుని, సెలవురోజు పొద్దున్నే పచ్చికలో నిలబడి, తెల్లటి చిన్న బంతిని పొడుగాటి కర్రతో కొట్టి, ఆ తర్వాత దాన్ని పొదల్లో వెతుక్కునే మనిషిని. (ఆ కర్రనూ క్లబ్బే అంటారు, మేం చందా కట్టే చోటునూ క్లబ్బే అంటారు. ఇక్కడ కర్రను కర్ర అనే అంటాను.) నేను కొట్టిన ప్రతి బంతీ కుడివైపుకే తిరుగుతుంది. ఎండాకాలమైనా, వానాకాలమైనా, గాలి ఎటు వీచినా దాని నిర్ణయం మారదు. మైదానానికి కుడివైపున ఉన్న పొదలకు క్లబ్బువాళ్లు ఇంతవరకూ నా పేరు పెట్టలేదంటే అది కేవలం వాళ్ల మర్యాద.

మా మామగారు అదే క్లబ్బులో పెద్ద ఆటగాడు. ఆయన జీవితమంతా భూములు కొలిచిన సర్వేయరు. తిన్నని గీత అంటే ఆయనకు ప్రాణం. వంకరగా పోయేది ఏదైనా, గట్టు కానివ్వండి, గోడ కానివ్వండి, అల్లుడు కొట్టిన బంతి కానివ్వండి, ఆయనకు లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. కానీ అల్లుణ్ని పల్లెత్తు మాట అనకూడదన్నది ఆయన నియమం. అందుకని నా ఆట గురించి అనవలసినవన్నీ ఇంటికి వెళ్లాక కూతురికి ఫోన్ చేసి అంటారు. మా ఆవిడ వాటిని భద్రంగా నాకు అందజేస్తుంది, దారి ఖర్చుల కింద తనవి ఒకటి రెండు కలిపి. పెళ్లయిన దగ్గర్నుంచీ మా మామగారికీ నాకూ మధ్య గోల్ఫ్ విషయమై ఒక్క మాట కూడా నేరుగా నడవలేదు. ఇద్దరం పక్కపక్కనే నిలబడి ఆకాశాన్ని మెచ్చుకుంటాం.

మా క్లబ్బులో ఏటా జోడీ కప్పు జరుగుతుంది. జోడీలో ఇద్దరికీ కలిపి ఒకటే బంతి. ఒక షాట్ ఒకరు కొడితే తర్వాతి షాట్ రెండోవారు కొట్టాలి. మొదటివారు బంతిని పొదల్లో పడేస్తే, పొదల్లో దూరి దాన్ని బయటికి కొట్టవలసింది రెండోవారు. సంసారానికి ఇంతకంటే మంచి శిక్షణ మరొకటి లేదు. మామగారు ఎప్పుడూ తన పాత స్నేహితుడితో కలిసి ఆడేవారు. ఆ స్నేహితుడు ఈ ఏడు మోకాళ్లు సహకరించక ఆట మానేశాడు. ఆ సాయంత్రం మా ఆవిడకు ఫోన్ వచ్చింది.

"ఈసారి జోడీకి మిమ్మల్ని పెట్టుకుందామనుకుంటున్నారట నాన్న" అంది ఆవిడ ఫోన్ పెట్టేసి.

"సంతోషంగానే చెప్పారా?" అని అడిగాను.

"ధైర్యంగా చెప్పారు."

నాకు అది చాలు. ఇన్నేళ్లకు మా మామగారు నన్ను తన పక్కన నిలబెట్టుకుంటానన్నారు. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి టోపీ పెట్టుకుని చూసుకున్నానని ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. నేను ఆడలేకపోతే ఆ చోటు కోసం పళ్ల డాక్టరు కాచుకుని ఉన్నాడు. ఆయన బంతి తిన్నగా వెళుతుంది. ఆయన మాట, నడక, పాపిడి కూడా తిన్నగానే ఉంటాయి. మామగారు ఆయన్ని చూసే చూపులో ఏదో తీరని కోరిక ఉంటుందని నాకు చాలా కాలంగా అనుమానం.

ఆ సంతోషమే నా కొంప ముంచింది.

మర్నాడు నేను నివాస ధ్రువీకరణ కార్యాలయానికి వెళ్లాను. మనం ఉంటున్న ఇంట్లో మనమే ఉంటున్నామని ఇంకొకరి చేత ఒప్పించుకునే చోటు అది. (ఆ ధ్రువపత్రం కావాలంటే ముందు పాత ధ్రువపత్రం చూపించాలి. మొట్టమొదటి ధ్రువపత్రం ఎవరు, ఎలా సంపాదించారన్నది పరిశోధకులు తేల్చవలసిన విషయం.) పొడుగాటి హాలు, వరసగా కిటికీలు, గోడకు నంబర్లు చూపించే ఎర్ర దీపాల పెట్టె. హాలు చివర మంచినీళ్ల ఫిల్టరు, దాని పక్కన ఏనాడో పగిలిన గచ్చు పలక, ఆ పలక స్థానంలో చిన్న గుంత. నా టోకెన్ చేతిలో ఉంది. ఎర్ర దీపాల్లో నంబరు మారడం లేదు.

గోల్ఫర్లకు ఒక జబ్బుంది. ఊరికే నిలబెడితే చేతులు ఊరుకోవు. లిఫ్టులో, బస్టాపులో, పరామర్శకు వెళ్లిన ఇంటి వరండాలో, చేతిలో కర్ర ఉన్నట్టూ కాళ్ల దగ్గర బంతి ఉన్నట్టూ ఊహించుకుని ఊపుతూ ఉంటారు. చూసేవాళ్లు ఈగలు తోలుకుంటున్నాడనుకుని సర్దుకుపోతారు. ఆరోజు నేను హాలు చివరి గుంతను చూశాను. గోల్ఫులో బంతి చివరికి చేరవలసింది అలాంటి గుంతలోకే. జోడీ కప్పు గుర్తొచ్చింది. మామగారు పక్కనే నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. రెండు చేతులూ కలిపాను, భుజం తిప్పాను, జన్మలో ఏ నిజమైన బంతినీ కొట్టనంత బలంగా ఆ లేని బంతిని కొట్టాను.

భుజం 'కటుక్కు'మంది. ఆ చప్పుడుకు, తమ నంబరు పిలిచారనుకుని ఇద్దరు లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు.

భుజాలు చూసే ఫిజియో చిన్న వయసు అమ్మాయి. చాలా ఓపిక. నా చెయ్యి పట్టుకుని కొంచెం పైకి లేపితే నేను రెండు కాళ్ల మీదా లేచాను.

"ఏం చేస్తుంటే అయిందండీ?"

"గోల్ఫ్ ఆడుతుంటే."

"కర్ర బరువుదా?"

"కర్ర లేదమ్మా."

"బంతి గట్టిగా తగిలిందా?"

"బంతి కూడా లేదు."

ఆ అమ్మాయి కాసేపు నా వంక చూసింది. "మరి నేల?"

"నేల ఉంది."

"హమ్మయ్య" అని, కండరం కొద్దిగా చిరిగిందనీ, కర్ర ఉన్నా లేకపోయినా కొన్ని వారాలపాటు ఊపడం కుదరదనీ చెప్పింది. చెయ్యిని మెడకు కట్టింది. ఆ కట్టు విప్పి రోజూ చేయవలసిన వ్యాయామాలు రెండు. గోడ మీద వేళ్లను పాకిస్తూ పైకి తీసుకెళ్లడం ఒకటి. నడుం వంచి, చేతిని వేలాడేసి, గడియారం లోలకంలాగా మెల్లగా అటూ ఇటూ ఊపడం రెండోది. వీటిని గుర్తు చేయడానికి నా ఫోన్లో ఒక యాప్ పెట్టింది. మొదటి సాయంత్రమే ఆ యాప్ నా నొప్పికి నక్షత్రాలు ఇవ్వమంది. నొప్పి భయంకరంగా ఉంది కాబట్టి అయిదుకు అయిదూ ఇచ్చాను. 'మీకు నచ్చినందుకు సంతోషం. ఈ నొప్పిని మీ స్నేహితులకు సిఫారసు చేస్తారా?' అని అడిగింది.

ఒంటి చేత్తో బతకడం ఎంత పెద్ద విద్యో అప్పుడే తెలిసింది. చొక్కాలోకి ముందు నొప్పి చెయ్యి దూర్చాలి, విప్పేటప్పుడు చివర్లో తియ్యాలి. ఈ వరస తప్పితే చొక్కా మెడకు చుట్టుకుని ఊపిరాడదు. జుట్టు దువ్వుకోవడానికి తలనే దువ్వెన దగ్గరికి తీసుకెళ్లాలి. మా ఆవిడ నాకు బొత్తాలు పెడుతూ, "బంతి ఉండి చిరిగినా ఓ అందం ఉండేది" అనేది. ఈ మాట ఆవిడదా, వాళ్ల నాన్నదా అని నేను అడగలేదు.

అసలు కష్టం క్లబ్బు కార్యదర్శి రూపంలో వచ్చింది. ఆయన మంచి మనిషే. కాకపోతే నిబంధనల పుస్తకాన్ని ఊపిరితిత్తుల్లాగా ఎప్పుడూ తనతోనే ఉంచుకుంటారు.

"ఆటలో గాయపడిన సభ్యుని జోడీ స్థానం పదిలముగా ఉంచబడును" అని చదివారు ఆయన. "వారు కోలుకొనువరకు వారి ఆట వాయిదా వేయబడును. ఇంటి పనులలో గాయపడిన సభ్యుని స్థానము నిరీక్షణ జాబితాలోని తర్వాతి వ్యక్తికి చెందును." (ఇంటి పనులలో గాయపడిన మగ సభ్యుడు క్లబ్బు చరిత్రలో ఇంతవరకూ ఒక్కడూ నమోదు కాలేదని ఆయన తర్వాత చెప్పారు.) "మరి మీది ఏ గాయమండీ?"

"ఆటలోదే."

"ఎక్కడ ఆడారు?"

"నివాస ధ్రువీకరణ కార్యాలయంలో."

ఆయన పుస్తకం మూశారు. మళ్లీ తెరిచారు. "ఇది నా ఒక్కడి వల్ల అయ్యే పని కాదండీ" అన్నారు.

అలా గాయాల గుర్తింపు ఉపసంఘం కొలువుతీరింది. పొడుగాటి బల్లకు అటువైపు వాళ్లు, ఇటువైపు నేనూ నా కట్టూ. బల్ల చివర ఉపసంఘం సభ్యుడి హోదాలో మా మామగారు. (అల్లుడి వ్యవహారం కాబట్టి తాను తప్పుకుంటానని ఆయన అన్నారు. తప్పుకోవడానికి ముందు దరఖాస్తు చేయాలన్నారు. ఆ దరఖాస్తును పరిశీలించవలసింది ఇదే ఉపసంఘం.) పళ్ల డాక్టరు శ్రోతగా వచ్చి గోడ పక్కన తిన్నగా కూర్చున్నాడు.

"కర్ర లేదు, బంతి లేదు, మైదానం లేదు" అన్నారు కార్యదర్శి. "అయినా గోల్ఫులో షాటును షాటుగా చేసేది కర్రా బంతీ కాదు, ఉద్దేశం. బంతిని కొట్టే ఉద్దేశంతో ఊపితే, తగిలినా తగలకపోయినా అది షాటే. ఉద్దేశం లేకుండా ఊపితే అది ఒళ్లు విరుచుకోవడం. మీరు చెప్పండి, ఉద్దేశం ఉందా?"

"జీవితంలో అంత ఉద్దేశం నాకెప్పుడూ లేదండి" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాను.

ఉపసంఘం గుసగుసలాడింది. అది షాటే అని తీర్మానించింది. నేను సంతోషంతో ఎడమ చేత్తో బల్ల చరచబోతుండగా కార్యదర్శి చెయ్యెత్తి ఆపారు.

"షాట్ కొట్టారు కాబట్టి ఆట మొదలైనట్టు. మొదలుపెట్టిన గుంతను పూర్తి చేయకుండా ఇంకో ఆట మొదలుపెట్టడానికి లేదు. కాబట్టి ఆ ఆట పూర్తి కావాలి. అక్కడే, ఆ హాల్లోనే. జోడీ ఆట కాబట్టి రెండో షాట్ మీ మామగారిది." ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "ఇప్పుడు చెప్పండి. బంతి ఎక్కడ పడింది?"

నేను కళ్లు మూసుకున్నాను. ఆ బంతి ఎగిరిన దారి నాకింకా కళ్లకు కట్టినట్టుంది. "తిన్నగా వెళ్లిందండీ" అన్నాను. "కిటికీల ముందు నుంచి, జనం తలల మీద నుంచి, సూటిగా వెళ్లి మంచినీళ్ల ఫిల్టరు దగ్గర, గుంత పక్కన పడింది."

మామగారు నెమ్మదిగా ఫోన్ తీశారు. అటు తిరిగి, గొంతు తగ్గించి మాట్లాడారు. మరుక్షణం నా ఫోన్ మోగింది.

"తిన్నగా వెళ్లిందన్నారట?" అంది మా ఆవిడ. "నాన్న నమ్మలేకపోతున్నారు."

గమనించవలసిన విషయం ఏమిటంటే, బంతి లేదన్న సంగతి ఆయనకు అభ్యంతరం కాలేదు. ఉపసంఘంలో ఎవరికీ కాలేదు. అది తిన్నగా వెళ్లిందన్నదే వాళ్ల అభ్యంతరం. చర్చ చాలాసేపు సాగింది. 'సభ్యుని పూర్వ చరిత్రను బట్టి' బంతి కుడివైపుకే తిరిగి ఉంటుందని చివరికి తీర్మానం చేశారు. హాలుకు కుడివైపు ఏముందో ప్లాను తెప్పించి చూశారు. రికార్డుల గది ఉంది. కాబట్టి నా బంతి రికార్డుల గదిలో ఉంది.

సొంత ఊహలో కూడా నా బంతిని నేను తిన్నగా కొట్టుకోలేకపోయాను. ఆ రాత్రి యాప్ నొప్పి ఎక్కడుందని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

నిర్ణయించిన రోజున కార్యదర్శీ, మామగారూ, మెడకు కట్టుతో నేనూ ఆ కార్యాలయానికి వెళ్లాం. టోకెన్ యంత్రంలో ఏ పని మీద వచ్చామో నొక్కాలి. జననం, మరణం, నివాసం, ఇతరములు. ఇతరములు నొక్కాం. (పుట్టడానికీ పోవడానికీ మధ్య మనిషి చేసే పనులు చాలావరకు ఇందులోకే వస్తాయి.) మా నంబరు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. నాలుగో కిటికీ.

నాలుగో కిటికీ ఆవిడ అన్నీ చూసిన మనిషి. ఆవిడకు కార్యదర్శి సంగతంతా వివరించారు. ఆవిడ మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు.

"ఏ రంగండీ?"

"తెలుపు" అన్నాను.

ఆవిడ లేచి లోపలికి వెళ్లింది. చాలాసేపు రాలేదు. తిరిగొచ్చి కూర్చుని, "తెల్లది కనబళ్లేదండి. పసుపుది ఒకటుంది. కావాలా?" అంది.

మేం ముగ్గురం మొహాలు చూసుకున్నాం. నాకు ఆశ పుట్టింది. కానీ మామగారు నిజాయితీ గల మనిషి. "మాది కాదమ్మా, ఇంకెవరిదో పాపం. వాళ్లొస్తారు" అన్నారు.

"అయితే మీది లోపలే ఎక్కడో ఉంటుంది. ఇక్కడ లోపలికెళ్లింది ఏదీ బయటికి పోదండి, ఆ భయం పెట్టుకోకండి. ఇంతకీ అది మీదేనని రుజువేంటి?"

కార్యదర్శి ఫిజియో ఇచ్చిన రిపోర్టు చూపించారు. ఆవిడ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. మొదటిసారి ఆవిడ మొహం మెత్తబడింది.

"అయ్యో, చెయ్యి చిరిగిపోయేలా కొట్టారా! అయితే మీదే అయ్యుంటుంది లెండి" అని ముద్ర వేసి, 'సిబ్బందికి మాత్రమే' అని రాసి ఉన్న తలుపు తీసింది.

గదిలో నేల నుంచి కప్పుదాకా ఫైళ్ల కట్టలు. వాటి మధ్య ఒక్క మనిషి, అదీ పక్కకు తిరిగి నడిచేంత దారి. గుమ్మం దగ్గర నేను ఆగిపోయాను. మామగారు మాత్రం లోపలికి వెళ్లారు. గొంతుక్కూర్చున్నారు. ఒక కన్ను మూశారు. వేలు పెట్టి కొలిచారు. రిటైరయిన తర్వాత ఆయన్ని అంత ఉత్సాహంగా నేనెప్పుడూ చూడలేదు. రెండు కట్టల సందులో వేలితో చూపించి, "ఇదిగో!" అని చిన్నపిల్లాడిలా అరిచారు. ఎవరితో అన్నారో తెలియదు కానీ, ఆ మాట వినడానికి గుమ్మంలో నేను తప్ప ఎవరూ లేరు.

లేని సంచీలోంచి కర్ర తీశారు. దాన్ని పరిశీలించి, వెనక్కి పెట్టి, ఇంకోటి తీశారు. కూనిరాగం తీస్తూ రెండుసార్లు గాల్లో ఊపి చూసుకున్నారు. అప్పుడు కొట్టారు. ఆయన మోచెయ్యి తగిలి కట్టలు కొన్ని దబదబా కింద పడ్డాయి. అందులోంచి, ఎన్నో ఏళ్లుగా కనబడని ఒక పెద్దాయన ఫైలు బయటపడింది. హాల్లోంచి ఆ పెద్దాయన పరుగున వచ్చి, దాన్ని గుండెకు హత్తుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. (వెతికించమని దరఖాస్తు ఇచ్చి దొరికించుకున్నది కాదు కాబట్టి నాలుగో కిటికీ ఆవిడ దాన్ని తీసుకుని మళ్లీ లోపల పెట్టేసింది.)

అన్నిటికంటే పెద్ద ఆశ్చర్యం హాల్లో జరిగింది. మామగారి భుజం తిరిగిన తీరులో ఏముందో గానీ, కుర్చీల్లో కూర్చున్న జనమంతా తలలెత్తారు. ఆ తలలన్నీ కలిసి రికార్డుల గది గుమ్మం నుంచి హాలు వైపుకు తిరిగి, కప్పు దగ్గర ఒక్క క్షణం ఆగి, మెల్లగా కిందికి దిగి, మంచినీళ్ల ఫిల్టరు దగ్గర నిలిచాయి. నీళ్లు తాగుతున్న ఒకాయన గబుక్కున పాదం వెనక్కి తీసుకున్నాడు.

"గుంతకు జానెడు దూరం!" అన్నాడు ఆయన. కార్యదర్శి వెళ్లి జాన పెట్టి చూసి, నిజమే అన్నారు.

తర్వాతి షాట్ నాది. జానెడు దూరం. నడవడం రాని పిల్లలు కూడా దొర్లించగల దూరం. కానీ నా చెయ్యి మెడకు కట్టి ఉంది. నా వెనక మామగారు ఉన్నారు. పళ్ల డాక్టరు ఎక్కడో ఒకచోట తిన్నగా కూర్చుని ఎదురుచూస్తూ ఉంటాడు. సరిగ్గా అప్పుడు నా జేబులో యాప్ మోగింది. 'లోలకం వ్యాయామం చేసే వేళయింది' అంది.

ఆ యాప్ మీద నేను ఎన్ని అన్నానో అన్నీ అక్కడికక్కడే వెనక్కి తీసుకున్నాను. కట్టు విప్పాను. ఫిజియో చెప్పినట్టే నడుం వంచాను, చేతిని వేలాడేశాను, మెల్లగా ఊపాను. ఎలాంటి నొప్పీ లేదు. బంతి దొర్లింది. దొర్లడం నేను నా కళ్లతో చూశాను. గుంతలో పడింది. జనం ఊపిరి బిగబట్టి మామగారి వైపు చూశారు.

మామగారు వెళ్లి గుంత పక్కన వంగారు. చాలాసేపు చూశారు. లేచి నిలబడి, ఫోన్ తీసి, నాకు రెండడుగుల దూరంలో నిలబడి మాట్లాడారు. నా ఫోన్ మోగింది.

"అంచు దాకా వచ్చి ఆగిపోయిందట" అంది మా ఆవిడ.

"పడింది. నేను చూశాను!"

"ఏమో, ఆగిపోయిందంటున్నారు. బాధపడొద్దని చెప్పమన్నారు. ఇంకొంచెం గట్టిగా ఊపితే బాగుండేదట." దారి ఖర్చుల కింద ఈసారి ఒక నవ్వు కలిపింది.

మామగారు బొటనవేలితో దాన్ని గుంతలోకి నెట్టారు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆయన వెనక అప్పటికే పెద్ద వరస కట్టారు జనం. ఏమిస్తున్నారో తెలియదు, ఇస్తున్నది అయిపోకుండా తమదాకా రావాలన్నదే వాళ్ల ఆరాటం. ఒక్కొక్కరూ ముందుకొచ్చి, వంగి, చెయ్యి ఊపి, రసీదు అడిగారు. మేం బయటికి వచ్చేసరికి నాలుగో కిటికీ ఆవిడ రసీదులు ఇవ్వడం మొదలుపెట్టింది. వచ్చిన పని గుర్తొచ్చి నేను వెనక్కి వెళ్లి నా నివాస ధ్రువపత్రం సంగతి అడిగాను. "దానికి వేరే టోకెనండీ" అంది.

నా స్థానం పదిలమైంది. కప్పులో మా జోడీ ఆట వాయిదా పడింది. గోడ మీద నా వేళ్లు మెల్లమెల్లగా పైకి పాకాయి. స్విచ్చు బోర్డు దాటాయి, క్యాలెండరు దాటాయి. ఒకరోజు వాటంతటవే గడియారాన్ని అందుకున్నాయి. ఆగిన గడియారానికి కీ ఇచ్చి, మా ఆవిడను కేకేసి పిలిచాను. ఆవిడ వచ్చి, నా చెయ్యి ఉన్న ఎత్తు చూసి, "సరే, ఇక బూజు కూడా దులపొచ్చు" అని వెళ్లిపోయింది. ఆవిడ కళ్లు మెరవడం మాత్రం నేను చూశాను. ఫిజియో నన్ను వదిలేసింది. యాప్ కూడా నన్ను మిస్సవుతానంది.

ఆట రోజు వచ్చింది. మంచు ఇంకా ఆరని పచ్చిక, నిజమైన కర్ర, నిజమైన తెల్లటి బంతి. కార్యదర్శి పుస్తకంతో వచ్చారు. మా ఆవిడ వచ్చింది. పళ్ల డాక్టరు, ఎందుకైనా మంచిదని, సంచీ సర్దుకుని మరీ వచ్చాడు. మొదటి షాట్ నాది. చిన్న పుల్ల మీద బంతి నిలబెట్టి చూస్తే, కుడివైపు పొదలు నన్ను గుర్తుపట్టినట్టుగా కదిలాయి. ఇన్ని వారాల గోడ పాకుడూ ఉపసంఘాలూ దేనికోసమో, అదంతా ఆ ఒక్క ఊపులో ఉంది.

మామగారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు. నేను అలవాటుగా జేబులో ఫోన్ మోగుతుందని చూశాను. మోగలేదు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"అల్లుడుగారూ" అన్నారు నాతోనే, నేరుగా, పెళ్లయిన ఇన్నేళ్లకు. "కంగారు పడకండి. ఆరోజు హాల్లో ఎలా కొట్టారో అలాగే కొట్టండి. బంతి లేదనుకోండి, చాలు."

నా గుండె నిండిపోయింది. బంతి లేదనుకున్నాను. కళ్ల ముందు ఆ హాలు కనిపించింది, ఆ ఎర్ర దీపాలు, హాలు చివర గుంత. భుజం తిప్పాను, ఊపాను. 'స్‌స్‌స్' మని గాలి చీల్చుకుంటూ కర్ర పూర్తిగా తిరిగి వెనక్కి వచ్చింది. భుజంలో ఎక్కడా కలుక్కుమనలేదు. అంత హాయిగా నేనెప్పుడూ ఏ షాటూ కొట్టలేదు.

మామగారు చెయ్యి అడ్డం పెట్టుకుని మైదానం చివరిదాకా చూశారు. చాలాసేపు చూశారు. సర్వేయరు చూసే చూపు అది.

"తిన్నగా వెళ్లింది అల్లుడుగారూ!" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు.

నాకూ అలాగే కనిపించింది. కార్యదర్శి అలాగే రాసుకున్నారు. మేమిద్దరం భుజం భుజం కలిపి దాని వెంట నడవడం మొదలుపెట్టాం.

పళ్ల డాక్టరు మాత్రం నేను నిలబడిన చోటికి వచ్చి, వంగి, పుల్ల మీద ఉన్నదాన్ని రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకుని, "మరి ఇది ఎవరిదండీ?" అని అడిగాడు.